నైట్ సిటీకి ఉలుకూ పలుకూ లేదు

సైబర్‌పంక్ 2077 విడుదలై 2025 డిసెంబరు 10కి ఐదేళ్లు. లోపాలు సరిచేశారు, తిట్టినవాళ్లే మళ్లీ పొగుడుతున్నారు. గ్యాసు బావుల పక్కన పెరిగిన ఒక కోనసీమ ఆటగాడి అసంతృప్తి మాత్రం తీరలేదు. ఎందుకంటే అతని ఫిర్యాదు లోపాల గురించి కాదు.

తాటిపాక మీదుగా రాత్రిపూట ప్రయాణం చేసినవాళ్లకి తెలుసు. కొబ్బరితోటల వెనక ఆకాశం ఓ మూల ఎర్రబారి కనిపిస్తుంది. అదేంటని కొత్తవాళ్లు అడుగుతారు. ‘ఓఎన్జీసీ మంటండి’ అని చెప్పి కిళ్లీ నములుకుంటూ కూర్చుంటారు మనవాళ్లు. బావులు, గొట్టాలు, ముళ్లకంచె, కంచె మీద కంపెనీ బోర్డు, లోపల సెక్యూరిటీ గార్డు, బయట వరిచేను. అమలాపురం, రాజోలు పక్కన పుట్టినవాడికి ఇదంతా ఊరి గుడి, చెరువు లాంటిదే.

అందుకే ‘సైబర్‌పంక్ 2077’ బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు నాకు పరాయిగా అనిపించలేదు. పొగరంగు ఆకాశం, ఇనుప మెట్లు, కంపెనీల పేర్లు వెలిగే ఆకాశహర్మ్యాలు, వాటి నీడలో బతికే జనం. మాకు తెలిసిన కథే, ఇంకాస్త పెద్ద ఎత్తున చెబుతున్నారు అనుకున్నాను. ఆడటం మొదలుపెట్టాక కథ నిజంగానే పెద్దగా ఉంది, బొమ్మ అంతకన్నా అందంగా ఉంది. నేను వెతికిన విషయం ఒక్కటే దొరకలేదు.

ఈ ఆట పేరు కూడా విననివాళ్ల కోసం నాలుగు మాటలు. 1988లో అమెరికాలో మైక్ పాండ్‌స్మిత్ అనే ఆయన కాగితాలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ‘సైబర్‌పంక్’ ఆటను తయారుచేశారు. ‘విచర్’ ఆటలతో పేరు తెచ్చుకున్న పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ దాన్ని వీడియోగేమ్‌గా మలిచింది. కథ జరిగేది 2077లో, కాలిఫోర్నియా తీరాన నైట్ సిటీ అనే కల్పిత నగరంలో. అక్కడ ప్రభుత్వం పేరుకే. పెత్తనమంతా అరసాకా, మిలిటెక్, పెట్రోకెమ్ లాంటి కంపెనీలది. మనం నడిపే పాత్ర పేరు ‘వి’. డబ్బుకి ఏ పనైనా చేసే కిరాయి మనిషి. ఓ దొంగతనం బెడిసికొట్టి, వి తలలో ఒక చిప్ ఇరుక్కుంటుంది. అందులో యాభై ఏళ్ల కిందట అప్పటి అరసాకా టవర్‌ని అణుబాంబుతో పేల్చిన రాక్ గాయకుడు జానీ సిల్వర్‌హ్యాండ్ మనసు భద్రంగా ఉంటుంది. జానీగా నటించింది కీను రీవ్స్. ఆ చిప్ రోజురోజుకీ వి మెదడును చెరిపేసి, ఆ చోట జానీని రాస్తుంటుంది. బతికి బయటపడటం ఎలా అన్నదే ఆట.

కథావస్తువుకి వంక పెట్టడానికి లేదు. ఒకే తలలో ఇద్దరు మనుషులు, అందులో ఒకడు చచ్చినా నోరు మూయనివాడు. జానీ విసుర్లు వింటూ ఎంతసేపైనా తిరగొచ్చు.

ఎనిమిదేళ్ల ప్రీ రిలీజ్ ఈవెంట్

టీజరు, ఫస్ట్ లుక్, పాట, ప్రీ రిలీజ్ ఈవెంట్, అడ్వాన్స్ బుకింగ్, బెనిఫిట్ షో, శుక్రవారం మధ్యాహ్నానికల్లా ‘పోయిందంట్రా’ అన్న కబురు. ఈ వరస తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ ఆట విషయంలో ఆ వరస ఎనిమిదేళ్లు సాగింది. ప్రకటన 2012 మేలో, మొదటి టీజరు 2013 జనవరిలో. 2018 ఆగస్టులో 48 నిమిషాల ఆటను చూపించారు. 2019 జూన్‌లో కీను రీవ్స్ స్వయంగా వేదిక మీదికి వచ్చేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది. విడుదల 2020 ఏప్రిల్ 16 అన్నారు, తరవాత సెప్టెంబరు 17, ఆపైన నవంబరు 19, చివరికి డిసెంబరు 10. విడుదలకు ముందే 80 లక్షల మంది డబ్బు కట్టేశారు.

ఆ తరవాతి రామాయణం ప్రపంచమంతా ఎరిగినదే. ఖరీదైన కంప్యూటర్ల మీద పర్వాలేదు గానీ, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ లాంటి పాత యంత్రాల మీద ఆట కుంటింది, ఆగిపోయింది, మనుషుల మొహాలు మైనంలా కనిపించాయి. ముందుగా సమీక్షకులకు ఇచ్చింది కంప్యూటర్ కాపీలే. పాత యంత్రాల మీద ఎలా ఉందో విడుదల రోజు దాకా బయటికి పొక్కలేదు. వారం తిరిగేసరికి సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి ఆటను తీసేసింది, కొన్నవాళ్లకి డబ్బు వెనక్కిస్తామంది. అంత పెద్ద ఆటకి అలా జరగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్ 21న. మధ్యలో జనవరి 13న సంస్థ సహవ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో కనిపించి క్షమాపణ చెప్పారు.

ఇక్కడ మన కోనసీమ లెక్క కొంచెం వేరు. మా వైపు కుర్రాళ్లలో గేమింగ్ కంప్యూటర్ ఉన్నవాడు అరుదు. ఎక్కువమంది ఆడేది ఫోన్లోనే. అది కాకపోతే కువైట్ నుంచో మస్కట్ నుంచో మావయ్య సామానులో వచ్చిన పీఎస్4. రాజోలు, మలికిపురం ఇళ్లలో గల్ఫ్ సొమ్ముతో లేచిన మేడలెన్నో అందరికీ తెలుసు. వాటిలో ఏ మూలో టీవీ కింద దుమ్ము పట్టిన నల్లపెట్టె ఉందంటే, అది అలా వచ్చిందే అయ్యుంటుంది. అంటే ఈ ఆట ఎక్కువగా ఏడిపించిన యంత్రమే మావాళ్ల చేతిలో ఉంది.

కంప్యూటర్ ఉన్నవాడి కష్టం ఇంకో రకం. విడుదలప్పుడు ధర 2,999 రూపాయలు, డౌన్‌లోడ్ 70 జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే రీచార్జితో దింపితే నలభై ఆరు రోజులకు పైమాటే, అదీ మధ్యలో ఇంట్లో ఎవరూ సీరియల్ చూడకుండా ఉంటే. ఫైబర్ లైను ఉన్న స్నేహితుడి ఇంటికి హార్డ్ డిస్కు పట్టుకుని వెళ్లడమే మార్గం. ఇంత శ్రమపడి తెచ్చుకున్న ఆట మీద ఆశ కూడా అంతే బరువుగా ఉంటుంది.

సరిచేశారు, కానీ ఎవరికి?

సంస్థ పారిపోలేదు. ఈ మాట ఒప్పుకోవాలి. 2022 ఫిబ్రవరిలో 1.5, 2023 సెప్టెంబరు 21న 2.0 అని పెద్ద మరమ్మతులు చేసింది. మధ్యలో 2022 సెప్టెంబరులో జపాన్ వాళ్లు తీసిన ‘ఎడ్జ్‌రన్నర్స్’ యానిమే పది భాగాలూ చూసి జనం మళ్లీ ఆటవైపు మళ్లారు. 2.0 వచ్చిన అయిదు రోజులకే ‘ఫాంటమ్ లిబర్టీ’ అనే అదనపు కథ వచ్చింది. 2025 నవంబరు నాటికి అమ్ముడైనవి 3.5 కోట్ల కాపీలు.

అయితే 2.0 గానీ ఫాంటమ్ లిబర్టీ గానీ పీఎస్4కి రాలేదు. ఎక్స్‌బాక్స్ వన్‌కీ రాలేదు. పాత యంత్రాల ఖాతా 1.6 వరసతోనే మూసేశారు. మొదటి దెబ్బ తిన్నవాళ్లెవరో వాళ్లకే ఆఖరి మందు అందలేదన్నమాట. ఆట ఎంత గొప్పగా కోలుకుందో చెప్పే వ్యాసాలు చాలానే వచ్చాయి. ఈ సంగతి వాటిలో ఒక వాక్యానికి మించి ఉండదు. టీవీ కింద నల్లపెట్టె ఉన్న మా రాజోలు కుర్రాడు ఆ వ్యాసాలు చదివి ఏమనుకోవాలి?

ఇక స్టైలు. దీని గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఈ ఆట ప్రచారమంతా బట్టల మీదే నడిచింది. మెడ దగ్గర వెలుగుతూ నిలబడే కాలరున్న పసుపుపచ్చ జాకెట్టు పోస్టరు ఎవరు మరచిపోతారు? తీరా ఆట మొత్తం వి కళ్లతోనే చూస్తాం. చేతులు తప్ప ఒళ్లు పెద్దగా కనపడదు. మన చొక్కా మనకి కనిపించాలంటే అద్దం ముందు నిలబడాలి, లేదా మోటార్‌సైకిలెక్కాలి. పైగా మొదట్లో బట్టలకే రక్షణ పాయింట్లు ఉండేవి. ఎక్కువ పాయింట్లున్నాయని ఒంటి మీద సూటు, కింద నిక్కరు, నెత్తిన హెల్మెట్‌తో తిరగాల్సి వచ్చేది. కథానాయకుడైన వి అమలాపురం సంతలో తప్పిపోయిన మనిషిలా ఉండేవాడు. తరవాత అదీ సవరించారు.

మాట్లాడని ఊరు

నా అసలు ఫిర్యాదుకి వస్తాను. లోపాలు పోయాయి, పోలీసులు ఇదివరకులా వీపు వెనక గాల్లోంచి ఊడిపడటం మానేశారు, కత్తి తిప్పడం హాయిగా ఉంది. అయినా నైట్ సిటీ మనం చేసినదానికి బదులు చెప్పదు.

మొదట్లో వి పుట్టుపూర్వోత్తరాలు ఎంచుకోమంటారు. దేశదిమ్మరి నోమాడ్, వీధిలో పెరిగిన స్ట్రీట్ కిడ్, అరసాకా ఆఫీసులో పనిచేసే కార్పొ. నేను కార్పొ తీసుకున్నాను. కంపెనీని లోపలినుంచి చూడొచ్చన్న ఆశతో. ఓ అరగంట నిజంగానే బావుంది. పై అధికారి ముందు గొంతు తగ్గించడం, లిఫ్టులో చెమటలు పట్టడం, ఒక్క మాటతో ఉద్యోగం ఊడటం. అంతలోనే జాకీ అనే స్నేహితుడితో గడిచిన ఆరు నెలల్ని పాటలా గబగబా చూపించేసి, మూడు దారుల్నీ ఒకే వీధిలో కలిపేశారు. ఆ తరవాత కార్పొ అనేది సంభాషణలో అప్పుడప్పుడు కనిపించే అదనపు వాక్యం. జాకీతో స్నేహం పెరగడం చూడాలని ఎంత అనిపించిందో, అది సినిమా ట్రైలరులా దొర్లిపోయింది.

2018లో చూపించిన 48 నిమిషాల్లో ‘ది పికప్’ అనే ఘట్టం ఉంది. మేల్‌స్ట్రామ్ ముఠా దగ్గర్నుంచి ఓ రోబో తేవాలి. కంపెనీ అధికారిణితో చేతులు కలపొచ్చు, ఆమె ఇచ్చిన డబ్బు చిప్‌లోని వైరస్‌ని ముందే తీసేయొచ్చు, సొంత డబ్బు కట్టొచ్చు, నేరుగా కాల్పులకి దిగొచ్చు. ఒక్కోదానికి ఒక్కో ఫలితం. ఆట అంతా ఇలాగే ఉంటుందని అందరం నమ్మాం. వచ్చిన ఆటలో కూడా ఆ ఘట్టం ఉంది, అంతే బాగా ఉంది. దాని సాటి కొమ్మలూ రెమ్మలూ ఉన్న ఘట్టం ప్రధాన కథలో మళ్లీ నాకు తగల్లేదు.

ఇంకో ఉదాహరణ. ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన చిన్న కథ ‘డ్రీమ్ ఆన్’. నగర మేయరు పదవికి పోటీ చేస్తున్న పెరాలెజ్, ఆయన భార్య వి సాయం అడుగుతారు. తవ్వుకుంటూ పోతే తెలుస్తుంది, ఎవరో వాళ్ల జ్ఞాపకాల్ని కొంచెం కొంచెంగా మార్చేస్తున్నారు. అభ్యర్థి ఇష్టాలు, కోపాలు, చివరికి చిన్నప్పటి సంగతులు కూడా అతనివి కావు. తుపాకి పేలకుండానే వెన్నులో చలి పుట్టే రచన అది. ఆఖర్న మనకో ఎంపిక. అతనికి నిజం చెప్పాలా, దాచాలా? నేను చెప్పేశాను. అతను వణికిపోయాడు. ఆ తరవాత? ఏమీ లేదు. ఎన్నిక సంగతి లేదు, ఊళ్లో ఆ ఊసు లేదు. టీ కొట్టు దగ్గర కూడా ఎవడూ దాని గురించి మాట్లాడుకోడు. మా కొత్తపేటలో సర్పంచి అభ్యర్థికి జలుబు చేస్తే రావులపాలెం దాకా తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ముచ్చట ముగింపు. అరసాకా టవర్ మీదికి దండెత్తి వెళ్తాం. ఎంచుకున్న దారిని బట్టి ముగింపులు మారతాయి, కొన్ని నిజంగా కదిలిస్తాయి. పేర్లు పడతాయి. పేర్లు పడ్డాక ఆట మనల్ని వెనక్కి తీసుకెళ్లి, దండయాత్రకి బయల్దేరక ముందు నిమిషంలో దింపుతుంది. టవర్ చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. మనం చేసిన పని తరవాత ఊరు ఎలా ఉంటుందో నడిచి చూసే వీలే లేదు.

ఇక్కడే మా పెదనాన్నగారి ప్రస్తావన తేవాలి. ఆయనది బోడసకుర్రు వైపు. ఓసారి నేను ఆడుతుంటే వెనక కుర్చీలో కూర్చుని చూశారు.

“ఆ ఎత్తు మేడ ఎవరిదిరా?”

“అరసాకా అని జపాను కంపెనీదండి. ఊరంతా వాళ్ల చేతిలోనే.”

“మరి జనం కలెక్టరాఫీసుకి వెళ్లరా?”

“కలెక్టరు కూడా వాళ్ల మనిషేనండి.”

“ఆయ్, అలాగైతే ఇంకా గట్టిగా వెళ్లాలి కదరా.”

ఆయనకి వీడియోగేముల గురించి ఏమీ తెలియదు. కానీ ఐదేళ్లుగా నేను చదివిన ఏ సమీక్షలోనూ ఇంత సూటి విమర్శ కనపడలేదు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ తవ్వుతున్న బావి ఎగదన్నింది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నిపుణుల్ని రప్పించారు. రాత్రి లేదు పగలు లేదు, ఆ వెలుగు, ఆ హోరు. మా తరం దాన్ని కథలా విని పెరిగింది, పెదనాన్నగారి తరం దాన్ని బతికింది. 2014 జూన్ 27న వేకువన మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే. గ్యాసు వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు.

ఈ రెండిటి తరవాతా ఇక్కడ జరిగింది చూడండి. రోడ్ల మీద బైఠాయింపులు, అర్జీలు, విచారణ సంఘాలు, పరిహారం దగ్గర బేరాలు, పార్టీల రాకపోకలు, ‘మా కింద గ్యాసు తీసి మా వంటింట్లోకి ఇవ్వరా’ అన్న నిలదీత, ఉద్యోగాల గొడవ, ఒకే ఇంట్లో కంపెనీలో పనిచేసే అన్న, కంపెనీ మీద అర్జీ పెట్టిన తమ్ముడు. పెద్ద కంపెనీ పక్కన బతకడం అంటే ఇదీ. ఇందులో తుపాకులు లేవు, కానీ నాటకానికి కొదవలేదు.

నైట్ సిటీలో పెట్రోకెమ్ బోర్డులు కనిపిస్తాయి. ఆ లోకంలో వాహనాలకి ఇంధనం గోధుమ నుంచి తీసే ఆల్కహాలు, దాన్ని భారీగా తయారుచేసేది పెట్రోకెమ్. ఆ గోధుమ ఏ రైతు చేలో పండుతోంది? ఆ చేను ఎవరిది, ఎంతకి పోయింది? ఆటలో ఈ ప్రశ్న చదవడానికి దొరికే చీటీల్లో అక్కడక్కడ మెరిసి మాయమవుతుంది. ఆటగాడి చేతికి మాత్రం రాదు. అర్జీ పెట్టలేం, నలుగుర్ని కూడగట్టలేం, రోడ్డు ఆపలేం. కంపెనీ మీద కోపం ఉంటే కాపలావాణ్ని కాల్చొచ్చు, అంతే. వాడు కూడా జీతగాడేనన్న సంగతి ఎవరికీ పట్టదు. కంపెనీల రాజ్యాన్ని ఇంత అందంగా బొమ్మ కట్టిన ఆట, ఆ రాజ్యం కింద మనుషులు ఎలా బతుకుతారో చెప్పే చోట నియాన్ దీపం వెలిగించి పక్కకి తప్పుకుంది. తిరుగుబాటు అంటే ఒంటరి వీరుడి తోలు జాకెట్టు అన్నట్టు.

యుద్ధం ఆటలో ధర్నా ఏంటి అని నవ్వొచ్చు. నవ్వండి. కానీ ఫాంటమ్ లిబర్టీ ఆడితే వీళ్లకి చేతకాక కాదని అర్థమవుతుంది. డాగ్‌టౌన్ అనే చిన్న పేటలో నడిచే గూఢచారుల కథ అది. ఇద్రిస్ ఎల్బా చేసిన రీడ్ ఒకవైపు, ప్రాణం కోసం అందర్నీ మోసం చేస్తున్న సాంగ్‌బర్డ్ ఇంకోవైపు. ఎవరి పక్షం పట్టామన్నదాన్ని బట్టి తరవాతి గంటలే మారిపోతాయి. ఎటు వెళ్లినా చేతికి మసి అంటుతుంది. చిన్న చోటు తీసుకుని లోతుగా తవ్వితే ఏం వస్తుందో అందులో ఉంది. అసలు ఆటలో చోటు మరీ పెద్దదైపోయింది.

మెట్రో రైలు సంగతి కూడా చెప్పాలి. 2018 ట్రైలరు వి రైల్లో కూర్చుని నగరాన్ని చూస్తుండగా మొదలవుతుంది. ఆట వచ్చేసరికి స్టేషన్లున్నాయి, రైలు లేదు. మూడేళ్ల తరవాత, 2023 డిసెంబరులో 2.1తో రైలెక్కనిచ్చారు. మూడేళ్లు ఆలస్యమా అని ప్రపంచం వేళాకోళం చేసింది. మా సంగతి చూస్తే, కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లే 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మీద వంతెనల పని చూస్తూ మా తరం పెళ్లీడుకొచ్చింది. ఈ ఒక్క విషయంలో నైట్ సిటీని తిట్టే హక్కు కోనసీమవాడికి లేదు.

ఇంకో మాట కూడా ఆట తరఫున చెప్పాలి. 2022 మే 24న జిల్లా పేరు మీద గొడవతో అమలాపురం అట్టుడికాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటినుంచి సాఫ్ట్‌వేర్ పనిచేసే కుర్రాళ్లు సిగ్నల్ కోసం జిల్లా సరిహద్దులు దాటారు. ఫోన్లలో కాల్పుల ఆటలన్నీ నోరు మూసుకున్నాయి. నెట్ అక్కర్లేకుండా నడిచే ఈ ఆట మాత్రం నడిచింది. ఎప్పుడూ పట్టించుకోని స్నేహితులు కూడా ఆ రోజుల్లో వచ్చి వెనక కూర్చున్నారు. ఈ మధ్య చాలా కంపెనీలు ఒక్కడే ఆడే ఆటకి కూడా ఆన్‌లైన్ ముడి వేస్తున్నాయి. ఆ పని వీళ్లు చేయలేదు.

రెండో భాగం పని మొదలైందని సంస్థే ప్రకటించింది. 2025 నాటికి అది తొలి దశలోనే ఉంది కాబట్టి తొందరేమీ లేదు. ఈలోపు మొదటిది ఆడాలనుకునేవాళ్లకి నా సలహా ఇది. పీఎస్4 ఉంటే దీని జోలికి పోకండి. పీఎస్5 గానీ ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు గానీ ఉంటే పండగ తగ్గింపుల్లో, ఫాంటమ్ లిబర్టీతో కలిపి కొనండి. ఇది పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల ఆట, రక్తం, బూతు, శృంగారం అన్నీ ఉన్నాయి. హాల్లో తాతగారి ముందు పెట్టకండి. మ్యాపు నిండా కనిపించే చిన్నాచితకా కాల్పుల పనులు సగం వదిలేసినా నష్టం లేదు. పానమ్ అనే ఆమెతో ఎడారిలో జరిగే కథ, పెరాలెజ్ దంపతుల కథ, డెలమెయిన్ ట్యాక్సీల కథ మాత్రం వదలొద్దు. డాగ్‌టౌన్‌కి తొందరపడి వెళ్లకుండా, జానీతో నాలుగు మాటలు కలిశాక వెళ్లండి.